తిందాం రండి అన్నందుకు

సమర్ దీవి వాళ్ళకి కోపం ముక్కు మీదే ఉంటుందని మనీలాలో అందరూ అంటారు. మా ఎదురింటి లోలెంగ్ కూడా సమర్ మనిషే. కానీ ఆవిడ నోటి నుంచి గట్టి మాట ఒక్కటి వచ్చినట్టు ఈ సందులో ఎవరికీ గుర్తు లేదు. "వచ్చేటప్పుడు నీ కోపం ఓడలో మరిచిపోయి దిగినట్టున్నావు ఆతె" అని నేను ఆటపట్టించేదాన్ని; ఆతె అంటే మా దగ్గర అక్క. "నీ దగ్గర బోలెడుంది కదా పురింగ్, కావలసినప్పుడు చేబదులు తీసుకుంటాలే" అనేది. నిజమే, నా దగ్గర బోలెడుంది. ఈ సంగతి చెప్పేటప్పుడు ఇంకాస్త పెరుగుతుంది కూడా. వినేవాళ్ళు సర్దుకోవాలి.

పాకో మార్కెట్ వెనక, మురుగుకాలువ పక్కన ఉన్న సందు మాది. నాది చిల్లర కొట్టు. పిల్లులూ దొంగలూ దూరకుండా ముందువైపంతా ఇనప కమ్మీలు బిగించుకున్నాను. ఆ కమ్మీల్లోంచి చూస్తే ఎదురుగా కనిపించేది లోలెంగ్ గుమ్మమే. కాబట్టి ఆవిడ బతుకు నేను ఎవరి నోటా వినలేదు. రోజూ చూశాను.

లోలెంగ్ పిల్లవయసులోనే పనిమనిషిగా ఈ ఊరొచ్చింది. పెళ్ళయ్యాక నాలుగిళ్ళలో బట్టలుతకడం మొదలుపెట్టింది, ఇప్పటికీ అదే పని. సబ్బునీళ్ళకి వేళ్ళ కణుపుల మీద చర్మం ఊడుతుంది, కొబ్బరినూనె రాసుకుంటుంది, మళ్ళీ ఊడుతుంది. భర్త ఇమో ఓడరేవులో మూటలు మోసేవాడు. ఒకప్పుడు ఆయన భుజం మీద బస్తా పెట్టుకుని ఈ సందులోకి వస్తే మేమందరం గోడకి అతుక్కుని దారి ఇవ్వాల్సి వచ్చేది. పోయిన వానాకాలంలో న్యుమోనియా పట్టుకుంది. బతికాడు గానీ సగం మనిషే మిగిలాడు. ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ, మందులు సరే, రోజూ చేపో గుడ్డో పడకపోతే ఈయన లేవడు అని లోలెంగ్‌కి తెగేసి చెప్పింది.

అప్పటి నుంచి లోలెంగ్‌కి ఒకటే లోకం. పొద్దున్నే మార్కెట్‌కి వెళ్ళి ఒక బాంగుస్ చేప తెచ్చేది. చింతకాయ పులుపుతో, తూటికూరతో పులుసు పెట్టేది. ఆ చేపలో కొవ్వు పట్టిన పొట్ట ముక్కే అసలు రుచి, అసలు బలం. అది ఆయనకి. తోకవైపుదీ, తలా ఈవిడకి. కండ పట్టకపోయినా ఆయన మొహంలో మెల్లగా రంగు వస్తోందని మేమందరం అనుకున్నాం.

మా సందులో మధ్యాహ్నం ఒక్క తలుపు కూడా మూసి ఉండదు. ఒంటిగది ఇళ్ళు, రేకు కప్పులు, లోపల కూర్చుని తింటే మనమే ఉడుకుతాం. గుమ్మం ముందుకి చిన్న బల్ల లాక్కుని తింటాం. సందు ఎంత ఇరుకంటే నడిచేవాడి మోకాలు తినేవాడి పళ్ళేనికి తగులుతుంది. తినేవాడు తలెత్తి "తిందాం రండి" అంటాడు. వెళ్ళేవాడు "ఇప్పుడే తిన్నానండి, కడుపు నిండుగా ఉంది" అంటాడు. నిన్నటి నుంచి తినకపోయినా అదే అంటాడు. ఇందులో అబద్ధమేం లేదు. నా దగ్గరున్నది నీకూ పెడతాను అని వీడు చెప్పాడు, నీ పళ్ళెంలో చెయ్యి పెట్టను అని వాడు చెప్పాడు. ఇద్దరి పరువూ నిలబడింది, ఎవరి అన్నం వాళ్ళు తిన్నారు. మాటలు రాని పిల్లలు తప్ప ఇది తెలియనివాడు మా ఊళ్ళో లేడు.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం తెల్లకుర్రాడొకడు దారి తప్పి మా సందులోకి వచ్చాడు. వీపు మీద మనిషంత సంచి. చర్చి ఎటని అడగబోయి లోలెంగ్ గుమ్మం ముందు ఆగాడు. నోట్లో ముద్ద ఉండగానే ఆవిడ అలవాటు కొద్దీ తలెత్తి "తిందాం రండి" అంది. చేత్తో పళ్ళెం కూడా చూపించింది. వాడు సంచి దించి కూర్చున్నాడు.

నేను కమ్మీల వెనక నోరు తెరుచుకుని చూస్తున్నాను.  లోలెంగ్ లేచి ఇంకో పళ్ళెం కడిగింది. పొట్ట ముక్క తీసి వాడికి వేసింది. అతిథికి తోక వేసే మనిషి కాదు. ఇమో పులుసు కలుపుకుని తిన్నాడు. ఆ కుర్రాడికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఫోను తీసి అంతా వీడియో తీసుకున్నాడు, ఇద్దరినీ కావిలించుకుని వెళ్ళిపోయాడు.

వాడి మీద నాకు కోపం లేదు. పెద్దవాళ్ళు పిలిస్తే కాదనకూడదని వాడికి ఎవరో చెప్పి పంపి ఉంటారు. ఒక్క రోజు, ఒక్క ముక్క. లోలెంగ్ కూడా నవ్వేసింది. "పాపం, ఆకలి మీదున్నాడు పురింగ్, గిన్నె నాకేసినట్టు తిన్నాడు" అంది.

కోపం ఎవరి మీదంటే రొమ్మెల్ మీద. వాడు మా సందులో పుట్టినవాడే. లోలెంగ్‌కి పిల్లల్లేరు, అందుకని ఇక్కడ పుట్టిన సగంమంది పిల్లల్ని బాప్తిస్మం నాడు చేతుల్లోకి తీసుకున్నది ఆవిడే. వాళ్ళలో వీడొకడు. ఆ వరసనే ఆవిడని నీనాంగ్, అంటే జ్ఞానమాత, అని పిలుస్తాడు. ప్రతి క్రిస్మస్‌కీ వచ్చి ఆవిడ చెయ్యి తన నుదుటికి ఆనించుకుని చొక్కాగుడ్డ తీసుకెళ్ళేవాడు. చదువుకున్నాడు, ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు, విదేశీయులకి ఊరు చూపించే పని పెట్టుకున్నాడు. ఆ వీడియో వాడి కంట పడింది.

ఒక రోజు పళ్ళన్నీ బయటపెట్టుకుని వచ్చాడు. "నీనాంగ్, మీరెంత పేరున్న మనిషయ్యారో మీకు తెలీదు. ఎక్కడెక్కడి వాళ్ళో మీ చేతి అన్నం తినాలంటున్నారు."

"ఒరే, మా ఇంట్లో ఏముందిరా" అంది లోలెంగ్.

"ఏమీ లేకపోవడమే కావాలి నీనాంగ్. మీరేమీ మార్చొద్దు. గుమ్మంలో కూర్చోండి, మేం రాగానే 'తిందాం రండి' అనండి. ఎప్పుడూ అనేదేగా."

బాప్తిస్మంలో ఎత్తుకున్న పిల్లాడు వచ్చి అడిగితే కాదనడం మా దగ్గర ఉండదు. లోలెంగ్‌కి అసలే లేదు. సరేనంది.

వారానికోసారి అనుకున్నది ఒకరోజు విడిచి ఒకరోజయింది. ఇద్దరొచ్చేవాళ్ళు, నలుగురొచ్చేవాళ్ళు. రొమ్మెల్ ముందు నడుస్తూ చేతులు తిప్పుతూ ఏదో చెబుతుండేవాడు. నేను కువైట్‌లో పన్నెండేళ్ళు వంటపని చేసొచ్చిన దాన్ని, నాకు ఇంగ్లీషు అర్థమవుతుందని వాడు మరిచిపోయాడు. "ఇక్కడ వీళ్ళకి ఏమీ లేదు, అయినా ఎవరొచ్చినా పెట్టేస్తారు, పెట్టడమే వీళ్ళకి ఆనందం" అనేవాడు. మేం చెంచాతో తింటాం. వాడు చెంచాలు లోపల దాచేసి వేళ్ళతో తినడం నేర్పించేవాడు. రేకు పళ్ళేలు ఫోటోలో బాగుండవని మార్కెట్ నుంచి అరిటాకు తెచ్చి బల్ల మీద పరిచేవాడు. మా సందులో అరిటాకులో ఎవరు తిన్నారో నాకైతే గుర్తు లేదు.

వచ్చినవాళ్ళు మర్యాదస్తులే. తలవంచి దండాలు పెట్టేవాళ్ళు. సబ్బుబిళ్ళలు, తాళంచెవుల బిళ్ళలు ఇచ్చేవాళ్ళు. ఆ ఇంటికి తాళమే లేదు.

ఉమ్మడి పళ్ళెంలో మిగిలిన ఆఖరి ముక్కని మాలో ఎవరూ ముట్టుకోరు, ఒకరినొకరు చూసుకుంటూ చల్లారిపోయేదాకా వదిలేస్తారు. వీళ్ళకి ఆ బెంగ లేదు. ఆకు ఊడ్చిపెట్టినట్టు తిని, చాలా బాగుందని పొగిడి, లేచేవాళ్ళు. వాళ్ళు సందు మలుపు తిరిగాక లోలెంగ్ కుండ అడుగున ఉన్న పులుసు అన్నంలో పోసి ఇమోకి పెట్టేది. చేప ఉండేది కాదు. రెండు చేపలు కొనే శక్తి ఆవిడకి లేదు.

నేను ఊరుకోలేదు. ఒకసారి రొమ్మెల్‌ని కొట్టు ముందు ఆపాను. "ఒరే, వాళ్ళ దగ్గర నువ్వు తీసుకుంటున్నావు కదా. చేపకైనా ఆవిడ చేతిలో పెట్టవేంరా?"

"అమ్మో, అలా అనకండి ఆతె పురింగ్. డబ్బిస్తే అది హోటలైపోతుంది. నీనాంగ్ ప్రేమతో పెడుతున్నారు. దానికి ఖరీదు కడితే ఆవిడకే అవమానం."

"మరి నీ దానికి ఖరీదుందేం?"

"నాది దారి చూపించే పని ఆతె. అది వేరు."

చేతికి అందుంటే కమ్మీల్లోంచే వాడి చెవి మెలిపెట్టేదాన్ని. రెండడుగులు వెనక్కి జరిగి మాట్లాడేంత తెలివి వాడికుంది.

లోలెంగ్‌కీ చెప్పాను. "ఈ పూట వండలేదని చెప్పు ఆతె. తలుపేసుకుని పడుకో. ఆయన మొహం చూశావా, మళ్ళీ గుంటలు పడుతున్నాయి."

"చూడకుండా ఎలా ఉంటాను పురింగ్" అంది. కణుపులకి నూనె రాసుకుంటోంది. "గుమ్మంలోకి వచ్చిన వాళ్ళని ఎలా పొమ్మంటాను? మా అమ్మ ఎవరినీ అనలేదు, నేనూ ఎన్నడూ అనలేదు. ఇప్పుడు నాకు నోరు తిరగదు."

"నాకు తిరుగుతుంది, నన్ననమంటావా?"

"వద్దు. వాడు నా పిల్లాడు. వాడే తెలుసుకుంటాడులే."

వాడు తెలుసుకునే రకమైతే ఇదంతా ఎందుకు.

దానికి ఆవిడ కనిపెట్టిన ఉపాయం చూస్తే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పొట్ట ముక్కని ముందే చిన్న గిన్నెలోకి తీసి, మూతపెట్టి, ఇమో మంచం కింద దాచేది. తన మొగుడికి తన డబ్బుతో తెచ్చిన చేప, తన ఇంట్లో దొంగసొత్తులా దాచింది. ఆ ఉపాయంతో కొన్నాళ్ళు గడిచాయి. వచ్చినవాళ్ళు తోకా తలా తిని మెచ్చుకుని పోయేవాళ్ళు, వాళ్ళు పోయాక ఆయన తినేవాడు.

ఆ రోజు నలుగురొచ్చారు. మొగుడూ పెళ్ళాలిద్దరు, మెడలో కెమెరా వేసుకున్న ఒకతను, గడ్డిటోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ. మాడు పగిలే ఎండ. ఇమో లోపలి ఉక్క భరించలేక మంచం గుమ్మం దగ్గరికి జరిపించుకుని దాని మీద కూర్చున్నాడు. పొద్దున్న మందులు వేసుకున్నాడు, అన్నం కోసం చూస్తున్నాడు. మంచం జరిపేసరికి దాని కింద గిన్నె కనిపిస్తోంది. రొమ్మెల్ కళ్ళు దాని మీద పడ్డాయి.

"నీనాంగ్, ఇక్కడ దాచారేంటి" అని నవ్వుతూ వంగి తీశాడు. మూత ఎత్తాడు. "ఇదిగో, అసలైన ముక్క ఇదే" అని వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పి తెచ్చి ఆకు మధ్యలో పెట్టాడు. లోలెంగ్ చెయ్యి సగం లేచి ఆగిపోయింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు.

టోపీ పెద్దావిడకి కాస్త కళ్ళున్నాయి. ఇమో వైపు చూపించి ఈయన తినడం లేదేమని అడిగింది. రొమ్మెల్ ఆ మాట మా భాషలో చెప్పాడు. అందరూ ఆయన వైపు తిరిగారు.

ఇమో నవ్వాడు. పళ్ళు తప్ప ఏమీ లేవు ఆ మొహంలో. "నేనిప్పుడే తిన్నానండి" అన్నాడు. "కడుపు నిండుగా ఉంది. మీరు కానివ్వండి."

సందులో వినేవాళ్ళందరికీ ఆ మాట తెలుసు. దారిన పోయేవాడు అనే మాట అది. ఆ మాట ఆయన తన గుమ్మంలో, తన మంచం మీద కూర్చుని, తన చేప ముందు అన్నాడు. నాకు ఒళ్ళంతా మండిపోయింది. రొమ్మెల్ మాత్రం వాళ్ళ వైపు తిరిగి "మిమ్మల్ని చూస్తేనే ఆయన కడుపు నిండిందట" అన్నాడు. పెద్దావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత ఆ చెయ్యే చేప మీదికి చాచింది.

లోలెంగ్ లేచింది. ఆ పెద్దావిడ వేళ్ళ కింద నుంచి ఆ ముక్క తీసి మళ్ళీ గిన్నెలో పెట్టింది. గిన్నె తీసుకెళ్ళి ఇమో ఒళ్ళో పెట్టింది. విసురు లేదు, చప్పుడు లేదు.

"ఇది ఈయనది" అంది. తర్వాత రొమ్మెల్ వైపు తిరిగింది. "వాళ్ళకి చెప్పు. ఈయన పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఇన్నాళ్ళూ నువ్వు తెచ్చినవాళ్ళు తిన్నది ఈయన అన్నం."

"నీనాంగ్, ఏంటిది, వాళ్ళ ముందు—"

"చెప్పు."

వాడు వాళ్ళ వైపు తిరిగాడు. "పెద్దాయనకి ఒంట్లో బాగోలేదట, ఆమె కంగారు పడుతోంది" అన్నాడు ఇంగ్లీషులో.

నేను ఇక ఆగలేదు. కమ్మీల్లోంచి, నాకు వచ్చిన కువైట్ ఇంగ్లీషులో, సందు సందంతా వినపడేలా చెప్పాను. ఆ ముసలాయన ఆకలితో ఉన్నాడు, అది ఆయన అన్నం, మీలాంటివాళ్ళొచ్చిన ప్రతిరోజూ ఆయన పస్తే, మీ పక్కనున్నవాడు అబద్ధాలకోరు అన్నాను. వ్యాకరణం ఎలా ఉందో తెలీదు. అందరికీ బాగానే అర్థమైంది.

పెద్దావిడ చెయ్యి ఆకు మీదే బిగుసుకుపోయింది. మొహం మెడదాకా ఎర్రబడింది. లేచి, లోలెంగ్ ముందు నిలబడి, టోపీ తీసేసి తలవంచి వెళ్ళిపోయింది. మిగిలిన ముగ్గురూ ఆవిడ వెనకే. ఆవిడ మీద కూడా నాకు కోపం లేదు. ఉంది, కొంచెం.

రొమ్మెల్ వెళ్ళలేదు. వాడి మొహం చూడాలి అప్పుడు. "సిగ్గులేని మనిషివి" అన్నాడు. మీరు అని కూడా అనలేదు. "అతిథిని అన్నం ముందు నుంచి లేపావు. నిన్ను నీనాంగ్ అని పిలిచినందుకు నాకు సిగ్గుగా ఉంది."

బాప్తిస్మంలో ఎత్తుకున్న మనిషిని పట్టుకుని అన్న మాట అది. మా భాషలో మనిషిని దానికంటే కిందికి దించే మాట లేదు. చంపేస్తానని అన్నా లోలెంగ్ తట్టుకునేదేమో.

మా సందువాళ్ళ గురించి కూడా చెప్పాలి. ఎవరైనా వాడి చెంప పగలగొడతారని చూశాను. ఆ గుంపుల పుణ్యమాని వాళ్ళ పిల్లలకి చాక్లెట్లు దొరుకుతున్నాయి, ఒకళ్ళిద్దరు గొడుగులూ బొమ్మలూ అమ్ముకుంటున్నారు. "ముక్కే కదా, తిననిస్తే పోయేది" అన్నదొకతె. "పాపం వాళ్ళు సముద్రాలు దాటి వచ్చారు" అన్నదింకోతె. ఇమో గిన్నె ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఇంతమంది చూస్తుంటే ఆయనకి ముద్ద ఎలా దిగుతుంది?

అది చూసి లోలెంగ్ ఆయన మంచాన్ని లోపలికి లాగింది. తలుపు వేసింది. ఆయన తినాలని వేసింది, అంతే. ఆ మిట్టమధ్యాహ్నం, ఆ రేకుల కింద, కిటికీ లేని ఆ గదిలో.

అప్పటి నుంచి అన్నం వేళకి ఆ తలుపు మూసే ఉంటోంది. లోపల్నించి ఇద్దరూ చెమటతో తడిసి ముద్దయి బయటికొస్తారు. ఇమో కాస్త తేరుకున్నాడు, అది నిజం, మొన్న మార్కెట్ దాకా నడిచాడు. "తలుపు తియ్యి ఆతె, నేనున్నాగా" అంటే, "తీసి కూర్చుంటే పిలవాలి పురింగ్. పిలవకుండా ఎలా తింటాను" అంటుంది.

రొమ్మెల్ గుంపులకి చూపించే అమ్మని మార్చుకున్నాడు. సందు చివర ఇంకో ఇల్లు చూసుకున్నాడు, అరిటాకు ఇప్పుడు అక్కడ పరుస్తున్నాడు. గుంపు మాత్రం ఇటునుంచే వెళ్ళాలి.

నిన్న మధ్యాహ్నం నేను కొట్టు ముందు నీళ్ళు చల్లుతున్నాను. లోలెంగ్ తలుపు వెనక చెంచాల చప్పుడు వినిపిస్తోంది. అంతలో మలుపు దగ్గర బూట్ల చప్పుడు, నవ్వులు. లోపల చెంచాలు ఆగిపోయాయి. గుంపులో ఒకమ్మాయి తలుపు వైపు చూపించి ఇక్కడెవరుంటారని అడిగింది. రొమ్మెల్ నన్ను చూస్తూనే "ఎవరూ ఉండరు" అన్నాడు.

వాళ్ళు దాటారు. బూట్ల చప్పుడు సందు చివరిదాకా పోయింది. అప్పుడు లోపల్నించి చెంచా ఒకటి మెల్లగా పళ్ళేనికి తగిలింది. నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టినట్టుంది, చెక్క వెనక నుంచి ఆవిడ గొంతు వచ్చింది.

"పురింగ్, తిందాం రా."

"ఇప్పుడే తిన్నాను ఆతె" అన్నాను ఆ చెక్కతో. "కడుపు నిండుగా ఉంది."